ఊఁ, తాగొచ్చు

ఫ్యాక్టరీలో ఆయన్ని నాలుక సార్ అంటారు. ఎగతాళికి కాదు, అలాగని గౌరవం పొంగిపొర్లీ కాదు. తూకం వేసేవాణ్ణి కాటా అన్నట్టు, గేటు దగ్గరుండేవాణ్ణి గేటు అన్నట్టు. సీసాల్లో పళ్ళరసం నింపే ఆ ఫ్యాక్టరీలో ఇరవయ్యేడేళ్ళుగా ఆయన పని రుచి చూడటం. పదింటికి తెల్లగోడల గదిలో మూడు కప్పులు, ఒక చప్పటి బిస్కట్, గోరువెచ్చటి నీళ్ళు. ఒక గుక్క నోట్లోకి తీసుకుని, బుగ్గలకీ పళ్ళ వెనక్కీ తిప్పి, స్టీలు బకెట్లో ఉమ్మేసి, కాగితం మీద టిక్కు పెడతాడు. పుట్టి బుద్ధెరిగాక ఈ మనిషి మింగినదానికంటే ఉమ్మిందే ఎక్కువని ఆయన అత్తగారు ఎప్పుడో తేల్చేసింది.

ఇంట్లోనూ అదే పని. పెళ్ళైన కొత్తలో భార్య తీసిన బత్తాయి రసం ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "నాలుగు గింజలు నలిగాయి ఇందులో" అన్నాడట. ఆవిడ వడకట్టిన పిప్పి తీసి చూస్తే సరిగ్గా నాలుగే. "ఇంత తెలిసినవారు మీరే తీసుకోండి" అని చాకు ఆయన ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఆ చాకు ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆయన చేతిలోనే ఉంది. పిడి రెండుసార్లు మారింది.

పొద్దున్నే ఇంట్లో తీసిన పళ్ళరసం గురించి జనం చెప్పే మాటలన్నీ ఆయనకి చిరాకు. ఒంట్లోకి వెలుగు రావటం, రక్తం శుభ్రపడటం, చర్మం మెరవటం... ఇవన్నీ సీసా మీద అచ్చేసే మాటలు. వాటిని రాసేవాడు తమ ఫ్యాక్టరీలోనే మూడో అంతస్తులో కూర్చుని టీ తాగుతుంటాడని ఆయనకి తెలుసు. రసం తీయటం అంటే ఆయన లెక్కలో ఒకటే: చేదు రానివ్వకుండా చూడటం. బత్తాయిని అరచేత్తో బల్ల మీద దొర్లించి మెత్తబరచాలి. తొక్క తీశాక దాని కింద దూదిలాంటి తెల్లపొర గోటితో పూర్తిగా లాగేయాలి. తొనలు విప్పి, ఒక్కో గింజా తీసి, పల్చటి గుడ్డలో వేసి చేత్తో పిండాలి. మిక్సీని దరిదాపులకి రానివ్వడు. గింజ మిక్సీలో పడిందా, ఆ రసం మొక్కలకి కూడా పనికిరాదంటాడు. పిండిన పది నిమిషాల్లో తాగేయాలి. పిండి ఉంచిన కొద్దీ బత్తాయికి చేదు ఎక్కుతుంది.

చివర్లో ఒక చెంచాడు తను నోట్లో వేసుకుని, తిప్పి, సింకులో ఉమ్మి, తల ఊపి, "ఊఁ, తాగొచ్చు" అంటాడు. ఆ మాట పడేదాకా ఇంట్లో గ్లాసు ఎవరూ ముట్టరు. ముట్టొద్దని ఎవరూ చెప్పలేదు. రైలు పోయేదాకా గేటు దాటకుండా నిలబడ్డట్టు, నిలబడటం అలవాటైపోయింది.

ఇంట్లో ఉండేది ముగ్గురే. ఆయన, బస్టాండులో టిక్కెట్ల కౌంటర్లో కూర్చునే భార్య, ఆవిడ తల్లి. పెద్దావిడ నలభై ఏళ్ళు టైపు నేర్పిన మనిషి. డెబ్భై ఆరేళ్ళొచ్చినా బ్యాంకులోనో ఆసుపత్రిలోనో పక్కగదిలో ఎవరైనా కంప్యూటరు కొడుతుంటే, "అదిగో, తప్పు కొట్టాడు" అంటుంది. చాలాసార్లు నిజంగానే కొట్టి ఉంటాడు.

నాలుగు నెలల కిందట ఆయనకి జలుబూ జ్వరమూ వచ్చాయి. నాలుగు రోజులుండి పోయాయి. ముక్కు తెరుచుకుంది, ఒళ్ళు చల్లబడింది, ఆకలీ వేసింది. నోరు మాత్రం తిరిగి రాలేదు. ఐదో రోజు ఫ్యాక్టరీలో మొదటి కప్పు నోట్లో పోసుకుంటే చల్లగా తగిలింది. అంతే. రెండోది చల్లగా తగిలింది. మూడోది కూడా.

ఇంటికొచ్చి వంటింట్లో తలుపేసుకుని ఉప్పు వేసుకున్నాడు. గరుకు. పంచదార వేసుకున్నాడు. అదీ గరుకే, కాస్త ముతక. జ్వరం మాత్ర ఒకటి తీసి కరకరా నమిలాడు. సుద్దముక్క నమిలినట్టుంది. భయమేస్తుందేమోనని ఒక నిమిషం ఆగి చూశాడు. భయం కూడా వేయలేదు. నోరు కడుక్కుని బయటికొచ్చి, మర్నాటికి బత్తాయిలున్నాయా అని బుట్టలో చూశాడు. ఏడున్నాయి.

ఎవరికీ చెప్పలేదు. వారం చూద్దామనుకున్నాడు, వారం నెలయింది. ఫ్యాక్టరీలో నెట్టుకురావటం అనుకున్నంత కష్టం కాలేదు. ఆ గదిలో ఆయనతో పాటు ల్యాబు అమ్మాయి కూడా రుచి చూస్తుంది. ముప్పై దాటిన మనిషే, అయినా అందరికీ ల్యాబు అమ్మాయే. పులుపెక్కువైతే ఆవిడ ఎడమకన్ను చిన్నదవుతుంది. తీపి మించితే పెదవి తడుముకుంటుంది. ఆయన ఒక క్షణం ఆలస్యంగా ఉమ్మి, ఆవిడ మొహం చూసి టిక్కు పెట్టేవాడు. పైగా మిషన్ల లెక్కలు చీటీ మీద ముందే ఉంటాయి.

ఇంట్లో కూడా మొహాలు చూడటమే మొదలుపెట్టాడు.

చేతులు ఒక్కరోజులో పాడవలేదు. మొదట ఒక తొనలో గింజ ఉండిపోయింది, తీద్దామనుకుని తీయలేదు. చెంచాడు నోట్లో పోసుకుంటే చల్లగా తగిలింది. తల ఊపాడు. ఆడవాళ్ళిద్దరూ తాగారు, ఏమీ అనలేదు. ఆ తర్వాత తెల్లపొర లాగటం తగ్గింది. గింజ తీసినా తీయకపోయినా ఆయన నోటికి ఒకటే అయినప్పుడు, గోళ్ళు నొప్పెట్టేలా ఆ పొరతో కుస్తీ ఎందుకో ఆయన వేళ్ళకి అర్థం కాలేదు. ఒకరోజు పల్చటి గుడ్డ ఆరలేదని మిక్సీ కిందికి దించాడు. భార్య చూసింది. ఆయనంతటివాడు దించాడంటే ఏదో తెలిసే దించి ఉంటాడనుకుంది. రెండో నెలకి బత్తాయిలు తొక్క మాత్రం గీకి, నాలుగు ముక్కలు చేసి, గింజలతో సహా మిక్సీలో వేస్తున్నాడు. తీసి పక్కన పెట్టి, స్నానం చేసొచ్చి అప్పుడు చెంచా పట్టుకుంటున్నాడు. "ఊఁ, తాగొచ్చు."

వాళ్ళు తాగుతున్నారు కాబట్టి బాగుందని ఆయన అనుకున్నాడు. ఆయన తల ఊపాడు కాబట్టి బాగుందని వాళ్ళనుకున్నారు. బాగాలేనిది తమ నోరే అయ్యుండాలి.

ఆయన భార్య పళ్ళు తోముకున్న వెంటనే రసం తాగి ఏడింటి డ్యూటీకి పరిగెత్తుతుంది. పేస్టు వల్లే నోరు చేదెక్కుతోందని ఆవిడ తీర్మానం. తెల్ల పేస్టు మాని పచ్చది కొంది. పచ్చది మాని ఎర్రది కొంది. సింకు పక్కన గ్లాసులో మూడు ట్యూబులు నిలబడి ఉండటం ఆయన రోజూ చూశాడు. ఎందుకున్నాయని ఒక్కరోజు కూడా అడగలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట నాలుగు గింజలు కనిపెట్టిన మనిషి.

పెద్దావిడ లెక్క వేరు. ఆవిడ ఆరింటికి రక్తపోటు మాత్ర వేసుకుంటుంది. ఆరున్నరకి రసం. రసం చేదు, మధ్యాహ్నానికి నోరు బాగానే ఉంటుంది. అంటే తప్పెక్కడుంది? మాత్రలో. టైపు కాగితంలో తప్పు పట్టినంత సూటిగా పట్టింది. ఎవరితో అనలేదు. అంటే కూతురు డాక్టరు దగ్గరికి ఈడుస్తుంది, డాక్టరు ఇంకో రెండు మాత్రలు కలుపుతాడు. రోజుకో మాత్ర చేతి రుమాల్లో చుట్టి చెత్తబుట్టలో వేయటం మొదలుపెట్టింది. రసం అప్పటికీ చేదుగానే ఉంది. ఏళ్ళ తరబడి ఒంట్లో ఇంకిన మందు ఒక్క వారంలో దిగుతుందా ఏమిటి అనుకుని ఇంకో వారం ఆగింది. ఆ తర్వాత ఇంకో వారం.

ఇరవై రెండో రోజు పొద్దున మేడ మెట్లు దిగుతూ కళ్ళు తిరిగి కూలబడిపోయింది. కింద మెట్టే కాబట్టి మోచెయ్యి చీరుకోవటంతో సరిపోయింది. డాక్టరు రక్తపోటు చూసి, పట్టీ విప్పి, మళ్ళీ చుట్టి చూశాడు.

"మాత్ర వేసుకుంటున్నారా అమ్మా?"

"వేసుకుంటున్నాను."

"రోజూ?"

పెద్దావిడ కూతురి వంక చూసి, గోడ మీది బొమ్మ వంక చూసి, చివరికి డాక్టరు వంకే చూసింది. "మానేశాను నాయనా. నోరు విషమైపోతోంది. ఇంత మంచి రసం పొద్దున్నే చేతికందిస్తాడు మా అల్లుడు, రుచి చూడటమే ఆయన ఉద్యోగం, అలాంటిదే నాకు వేపాకు నమిలినట్టుంటే, ఇక నా నోట్లో ఏముందనుకోవాలి?"

"అమ్మా!" అంది కూతురు. ఇంకేదో అనబోయి ఆగింది. తనకీ చేదుగానే ఉంటోందన్న మాట నాలుక చివరిదాకా వచ్చిందనీ, తల్లీకూతుళ్ళకి ఒకే జబ్బేమోనని భయమేసి మింగేసిందనీ తర్వాత చెప్పింది.

డాక్టరు మాత్ర మార్చాడు. పొద్దున్నే నోరు చేదంటే లివరు కూడా చూడాలన్నాడు. రేపు కాక ఎల్లుండి ఏమీ తినకుండా రక్తం ఇవ్వాలి. తేలకపోతే ఇంకో పరీక్ష, దానికి ఒక పూట ఆసుపత్రిలో ఉండాలి. చీటీ రాస్తుంటే పెద్దావిడ తలూపింది. అల్లుడు తలుపు పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయనకి అంతా అర్థమైంది. మాట ఒక్కటే చాలు. మాత్రా మార్చక్కర్లేదు, రక్తమూ ఇవ్వక్కర్లేదు. అది చెప్తే ఇరవయ్యేడేళ్ళు నాలుక సార్‌గా బతికిన మనిషి లేచి వెళ్ళిపోతాడు, మిగిలేదెవరో ఆయనకి తెలీదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. చీటీ తనే అందుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు రసం తీశాక చిన్న సీసాడు పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాడు. పదింటి కప్పులు రాకముందే ల్యాబు అమ్మాయి ముందు పెట్టాడు.

"కొంచెం చూడమ్మా."

"ఏ బ్యాచ్ సార్?"

"చూసి చెప్పు."

ఆవిడ గుక్క పోసుకుంది. తిప్పలేదు. నేరుగా బకెట్ మీదికి వంగి, ఉమ్మి, నీళ్ళు పుక్కిలించి, మళ్ళీ ఉమ్మింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇదేంటి సార్! గింజలు, తొక్క, పీచు... తీసి మూడు గంటలైనా అయ్యుండాలి. నన్ను పరీక్షిస్తున్నారా? చేదు కూడా పట్టుకోలేననుకున్నారా?"

"పట్టుకుంటావని తెలుసు."

"ఎవరు చేశారిది? ఎవరు తాగుతారసలు?"

"మా ఇంట్లో తాగుతారు" అన్నాడు ఆయన.

ఆవిడ నవ్వింది. ఆయన నవ్వకపోవటంతో ఆపేసింది. ఆయన సీసా అందుకుని, తనూ ఒక గుక్క పోసుకుని, బుగ్గలకీ పళ్ళ వెనక్కీ తిప్పాడు. ఆవిడ ఆయన మొహాన్నే చూస్తోంది. నాలుగు నెలలుగా ఆయన ఆవిడ మొహాన్ని చూసినట్టే. ఆ మొహంలో ఏమీ కదల్లేదు.

"సార్," అంది మెల్లగా, "మీకు చేదుగా లేదా?"

"చల్లగా ఉంది."

ఆ సాయంత్రం భార్య డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పెద్దావిడ ఎదురుగా మోచేతి కట్టు సర్దుకుంటూ కొత్త మాత్రల పెట్టె మీది అక్షరాలు చదువుతోంది. అందులో అచ్చుతప్పు ఒకటి అప్పటికే పట్టేసింది.

"అత్తయ్యా, రేపు రక్తం ఇవ్వక్కర్లేదు."

"ఏం, మీరు డాక్టరు కూడా అయ్యారా?"

"మీ నోరు బాగానే ఉంది. రసమే చేదు."

బ్యాగు భుజం మీంచి దించకుండానే ఆయన భార్య ఆగిపోయింది. "అదేంటండీ? నాక్కూడా మూడు నెలలుగా..."

"నీ పేస్టూ బాగానే ఉంది."

ఫ్రిజ్జు ఒకసారి వణికి ఆగింది.

"మరి రోజూ తల ఊపేవారు కదా?" అంది భార్య.

"ఊపాను."

"రుచి చూసేగా?"

"చూశాను. ఏమీ తెలీలేదు. ఆ జ్వరం వచ్చి పోయినప్పట్నుంచీ ఏదీ తెలీటం లేదు. ఉప్పు కూడా."

పెద్దావిడ పెట్టె బల్ల మీద పెట్టింది. "అంటే నాలుగు నెలలు."

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలు ఆ కషాయం నా గొంతులో పోసి, ఎదురుగా నిలబడి తల ఊపావా? ఊఁ తాగొచ్చు, ఊఁ తాగొచ్చు అని? అదేం తలయ్యా, గాలికి ఊగే బోర్డా? నేను గ్లాసులో చుక్క వదల్లేదు తెలుసా? నీ నాలుక బాగుందంటే ఇక బాగాలేనిది నాదే కదా అనుకుని, కళ్ళు మూసుకుని మింగాను. మెట్ల మీద పడి తల పగిలుంటే ఏం చేసేవాడివి? రుచి చూసేవాడివా?"

"అమ్మా, నువ్వాగు" అని, కూతురు భర్త వంక తిరిగింది. "నేనైతే ఒక గుక్కే తాగేదాన్ని. రెండు నెలలుగా మిగతాది సీసాలో పోసుకెళ్ళి డిపో పంపు దగ్గర పారబోస్తున్నాను. మీరు కష్టపడి తీసింది పారబోస్తున్నానని రోజంతా గిల్టీగా టిక్కెట్లు కోసేదాన్ని." సింకు దగ్గరికి వెళ్ళి మూడు ట్యూబులూ తెచ్చి ఆయన ముందు వరసగా పెట్టింది. "నాకెందుకు చెప్పలేదు?"

ఆయన ట్యూబుల్ని చూశాడు. తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు. ఏదో ఒక జవాబు చెప్పాలి కాబట్టి వెతికాడు. "చెప్తే పొద్దున్నే నాకు చేయటానికి ఏముంటుంది?" అన్నాడు. అది నిజమో, అప్పటికప్పుడు నోటికొచ్చిందో ఆయనకే తెలీలేదు.

"చేయటానికి ఉండాలని మమ్మల్ని చేదు తాగిస్తావా?" అంది పెద్దావిడ. తర్వాత నవ్వొచ్చింది ఆవిడకి. ఆపుకోలేదు. "మూడు పేస్టులు మార్చావటే నువ్వు? నాతో ఒక్క ముక్క అంటే ఏం పోయేది?"

"నువ్వు నాతో అన్నావా, మాత్రలు పారేస్తున్నానని?"

తల్లీకూతుళ్ళు అలా ఒకరినొకరు తిట్టుకుంటుంటే ఆయన మధ్యలో కూర్చున్నాడు. ఈ నాలుగు నెలల్లో తను ఊహించుకున్నది వేరు. చెప్పగానే ఏదో కూలిపోతుందనో, లేక బరువు దిగుతుందనో. ఏదీ జరగలేదు. గుండెల మీద కూడా ఎవరో మత్తుసూది వేసినట్టుంది.

మర్నాడు నోటి డాక్టరుకి చూపించుకున్నాడు. భార్య సెలవు పెట్టి మరీ తీసుకెళ్ళింది. "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. అటునుంచటే ఫ్యాక్టరీకి వెళ్ళి, మేనేజరు ఎదురుగా నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. తీసేస్తే తీసేయమన్నాడు.

ఆయనకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు మేనేజరు. కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పి, కుర్చీ చూపించాడు. "కూర్చోండి సార్. దీనికోసమా ఇంత హైరానా? కప్పు మీ దగ్గరికొచ్చేసరికి మిషన్ పాస్ చేసేసి ఉంటుంది. మీరు ఆఖరిసారి ఫెయిల్ అని ఎప్పుడు రాశారో గుర్తుందా?"

గుర్తుంది. తొమ్మిదేళ్ళయింది. చప్పగా ఉందని రాశాడు. ఆ రోజంతా తలెత్తుకుని నడిచాడు.

"ఆ బ్యాచ్ ఏమైంది?"

"పాత ఫైల్లో చూశాను లెండి. మార్కెట్లోకి వెళ్ళిపోయింది. చప్పగా ఉన్నా మనిషికేం కాదుగా. ఒక్క కంప్లయింటూ రాలేదు." ఫారం ఒకటి తీసి వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ మూడు గళ్ళున్నాయి. మూడింట్లో మూడు సంతకాలుండాలి. మీ సంతకం మీరు పెట్టండి, నోటి సంగతి నోరే చూసుకుంటుంది."

అంటే ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. నేరుగా వెళ్ళి తెల్లగదిలో కూర్చున్నాడు. మూడు కప్పులు. చల్లగా, చల్లగా, చల్లగా. ల్యాబు అమ్మాయి కాగితం ఆయన వైపు తిప్పి, తన టిక్కులు కనబడేలా పెట్టింది. ఆయన కలం తీసి, క్యాపు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. ఆయన సంతకం పడాల్సిన మూడో గడి ఖాళీగా ఉండిపోయింది. సీసాలు మామూలుగానే కదిలాయి. ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళుగా ఎవరూ పట్టించుకోని తల ఊపుడిని నమ్మి, ఇంట్లో ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చుకుంది.

ఆ మర్నాడు పొద్దున్న ఆరుంపావుకి ఆయన మిక్సీని పైఅరలోకి ఎక్కించాడు. బత్తాయిని అరచేత్తో దొర్లించాడు. తెల్లపొర గోటితో లాగాడు. కనబడేది తీయాలి, తగిలేది తీయాలి. అంతకుమించి తెలిసే దారి లేదు. తొన విప్పి వెలుతురికెత్తి చూసి, గింజ తీశాడు. గుడ్డలో వేసి పిండాడు. చెంచా తీయబోతే పెద్దావిడ చెయ్యి చాచింది.

"ఇటివ్వు."

ముందు కొత్త మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, నోరు తెరిచి నాలుక చాపి అల్లుడికి చూపించింది. "మింగాను. చూసుకో. నీలా నాటకాలాడను." అప్పుడు చెంచాడు రసం నోట్లో పోసుకుని, ఆయన తిప్పినట్టే బుగ్గలు ఉబ్బించి తిప్పి, సింకులో ఉమ్మబోయి కుళాయి మీద ఉమ్మింది.

"ఒకటి నలిగింది."

ఆయన గుడ్డ విప్పాడు. పిప్పిలో ఒక గింజ, సగానికి చీలి ఉంది. గ్లాసు సింకులో వంచేసి, ఇంకో మూడు పళ్ళు తీసుకున్నాడు. వేళ్ళ చివర్లు తడికి ముడతలు పడ్డాయి. రెండోసారి పిండేసరికి ఆరూ నలభై.

పెద్దావిడ మళ్ళీ రుచి చూడటానికి చెంచా కడుక్కుంటుండగానే ఆయన భార్య తల తుడుచుకుంటూ వచ్చి, బల్ల మీది గ్లాసు తీసుకుంది. ఎవరి వంకా చూడలేదు. ఎవరి మాట కోసమూ ఆగలేదు. నిలబడే సగం తాగింది.

"ఎలా ఉంది?" అన్నాడు ఆయన. ఆ మాట ఆ ఇంట్లో ఆయన అడగటం అదే మొదలు.

ఆవిడ ఒక క్షణం ఆలోచించింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవలసిన పని ఆవిడకీ పడలేదు.

"కొంచెం పులుపు" అంది. "నాకు పులుపే ఇష్టం." మిగతా సగం తాగి, గ్లాసు బోర్లించి, ఎర్ర పేస్టు ట్యూబు చెత్తబుట్టలో పడేసి బస్సుకి వెళ్ళిపోయింది.

ఆవిడకి పులుపు ఇష్టమని ఆయనకి తెలీదు. బోర్లించిన గ్లాసు తీసి కడిగాడు. తర్వాత గుడ్డ ఉతికి, చేతుల్లో గట్టిగా పిండి, కిటికీ ఊచకి ఆరేశాడు.